చుక్కల్లో నడిచిన మనిషి

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మ మనసారా దీవించి రాయునది. ఇక్కడ నేను క్షేమం, నా మోకాళ్లు మాత్రం సగం క్షేమం. నువ్వూ, నీ ఓడా, నువ్వు రోజూ నూనె పోసి బుజ్జగించే ఆ ఇంజనూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సరుకుల పడవెక్కి వచ్చి, రేవులో కొన్నాళ్లు నిద్రపోయి, మొన్న మధ్యాహ్నం నా చేతికి అందింది. కాగితానికి కాస్త డీజిల్ వాసన, కాస్త ఉప్పు వాసన. చదవడం అయిపోయాక కూడా దాన్ని కాసేపు ముక్కు దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. సముద్రం అడుగు ఎంత లోతుందో కొలిచే ఓడలో ఉన్నావు కదా, ఆ లోతు వాసన కూడా ఏమైనా తగులుతుందేమోనని.

నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. వంటగది కప్పు కారడం ఆగింది. పై వాటాలో ఉండే దర్జీ తన కుళాయి బాగుచేయించుకున్నాక తెలిసింది, ఇన్నాళ్లూ కారింది వాన కాదని. పిల్లి తిరిగి వచ్చింది. ఎక్కడికి వెళ్లిందో చెప్పలేదు గానీ వెళ్లినప్పటికన్నా లావెక్కి వచ్చింది కాబట్టి దానికి ఇంకో సంసారం ఉందని నా అనుమానం. నీ పాత రెయిన్‌కోటు పారేయలేదు, నేనే వేసుకుంటున్నాను. చేతులు పొడుగు. దూరంనుంచి చూసి దర్జీ నువ్వే వచ్చావనుకుని గబగబా మెట్లు దిగాడు, పాపం.

ఇక నీ చివరి ప్రశ్న. నాన్న ఎక్కడైనా, ఎవరి ఫోన్లోనైనా, ఒక్క వీడియో ముక్కలోనైనా ఉన్నారా అని అడిగావు. దానికి జవాబు ఉత్తరం చివర రాస్తాను. చిన్నప్పుడు నువ్వు కథల పుస్తకం చివరి పేజీ ముందు చదివేసేదానివి. ఈసారి ఆ పని చేయకు. మధ్యలోది తెలియకపోతే చివరిది అర్థం కాదు.

ఈ వయసులో ఆ గెంతులేమిటమ్మా అని కోప్పడ్డావు. గెంతడం లేదు తల్లీ, నడుస్తున్నాను. నా ఉద్యోగమే నడవడం.

మన నాటక బృందం ఆగిపోయాక ఏడాది పాటు నేను కిటికీ దగ్గర కూర్చుని వీధిలో వెళ్లేవాళ్ల నడకలు చూసేదాన్ని. జనం నాటకాలు చూడటం మానేశారని నేననను. బస్సులో చూస్తున్నారు, పడక మీద చూస్తున్నారు, అన్నం తింటూ అరచేతిలో చూస్తున్నారు. ఒక్క మన హాలుకు వచ్చి, మన కుర్చీల్లో కూర్చుని చూడటం మానేశారు, అంతే. ఆ హాలిప్పుడు పార్సిళ్ల గోదాము. మొన్న అటు వెళ్తూ తలుపులోంచి తొంగి చూశాను. మనం రాజదర్బారు వేసేచోట అట్టపెట్టెలు కప్పుదాకా ఉన్నాయి. మన దర్బారు ఏనాడూ అంత కిటకిటలాడలేదు.

అలాంటప్పుడు మన మేకప్ ఆయన వచ్చి, ఊరి చివర పాత గాజు ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆటలు తయారుచేస్తున్నారట, మనుషుల్లా నడవగలిగేవాళ్లు కావాలట అన్నాడు. ఇంతకాలం మనం గొడ్లలా నడిచామా అని నవ్వాను. కానీ మర్నాడు వెళ్లాను. అక్కడి దర్శకుడికి ఇంచుమించు నీ వయసు, ముఖానికి మించిన కళ్లజోడు. ఏమీ లేకుండానే నా చేతికి నీళ్ల బకెట్టు ఇచ్చినట్టు అభినయించి, మోసుకెళ్లండి అన్నాడు. మోశాను. గుమ్మం దగ్గర కాస్త తొణికింది. అతను వంగి నేల చూశాడు. నన్ను పనిలోకి తీసుకున్నారు.

అక్కడ నాకు ఒంటికి అతుక్కుపోయే నల్ల దుస్తులు తొడుగుతారు. చూస్తే నువ్వు వారం రోజులు నవ్వుతావు. కీలు కీలుకీ, వేలు వేలుకీ బఠాణీ గింజంత గుండ్లు అంటిస్తారు. చుట్టూ గోడల నిండా ఎర్ర కళ్ల కెమెరాలు. వాటికి ఆ గుండ్లు తప్ప ఇంకేదీ కనబడదు. నా ముఖం కనబడదు, ముడతలు కనబడవు, ఆడో మగో కూడా వాటికి పట్టదు. మొదలుపెట్టే ముందు ప్రతిసారీ రెక్కలు చాచిన కొంగలా చేతులు బార్లా చాపి నిలబడాలి. అప్పుడు యంత్రం నన్ను గుర్తుపడుతుంది. తర్వాత నేనెలా కదిలితే తెరమీద నల్లటి చీకట్లో ఆ గుండ్లు తెల్ల చుక్కలై అలా కదులుతాయి. ఆ చుక్కలకు తర్వాత ఎవరో ఒళ్లు తొడుగుతారు, బట్టలు కడతారు, ముఖం పెడతారు. ఒక ఆటలో బజారు మొత్తం నేనే. బేరమాడేది నేను, కసిరేది నేను, జేబు కొట్టేది నేను, లబోదిబోమనేది కూడా నేనే.

యంత్రం దగ్గర కూర్చునే అమ్మాయిని అందరూ చుక్కలమ్మాయి అంటారు. నన్ను ఆంటీ అనవద్దంటే పెద్దమ్మా అంటోంది. ఉన్న వయసుకు ఇంకో అయిదేళ్లు కలిపింది.

అక్కడి పని నాకెలా ఉంటుందంటే, తెల్లవారుజామున నిద్రకూ మెలకువకూ మధ్య కాసేపు తేలుతూ ఉంటాం చూడు, అలా ఉంటుంది. చప్పట్లు లేవు, ఎదురుగా మనుషులు లేరు, పక్కనుంచి మాటలందించే ప్రాంప్టరు గుసగుస లేదు. నల్లటి నేలమీద చప్పుడు లేకుండా నడుస్తాను. మెట్టు లేనిచోట మెట్టెక్కుతాను. తలుపు లేనిచోట తలుపు తోస్తాను, కీచుమన్నట్టే ఉంటుంది. సాయంత్రం బయటికొచ్చి నిజం వీధిలో నడుస్తుంటే ఆ వీధి కూడా ఎవరో ఇంకా రంగులు వేయనిదానిలా కనిపిస్తుంది. కానీ రాత్రిళ్లు ఒళ్లెరగకుండా నిద్రపోతున్నాను పిచ్చుకా. మీ నాన్న పోయాక ఇలా నిద్రపోవడం ఇదే మొదలు. అందుకని గెంతులు అనకు.

మీ నాన్నకు కెమెరా అంటే ఎంత పడదో నీకు చెప్పక్కర్లేదు. మొదటి జీతంతో నువ్వు కెమెరా కొని తెచ్చి చూపిస్తే, "బాగుందమ్మా, పువ్వుల్ని తీసుకో" అని పక్కకు తప్పుకున్నారు. చివరి రోజుల నాటకాల్లో జరిగింది మాత్రం నీకు తెలియదు. అప్పటికే నువ్వు ఓడెక్కావు. ఆయన చనిపోతున్న రాజు వేషంలో ఉన్నారు. ముందు వరసలో ఒకతను ఫోనెత్తి తీస్తున్నాడు. మీ నాన్న చావడం ఆపి, లేచి, స్టేజీ అంచుదాకా వచ్చి మెల్లగా అన్నారు: "బాబూ, నేను చచ్చిపోతున్నాను. ఈ ఒక్కసారికి కళ్లతో చూడు." హాలంతా నవ్వింది. అతను ఫోను దించాడు. మీ నాన్న వెనక్కి వెళ్లి మొదటినుంచీ మళ్లీ చచ్చిపోయారు. ఈసారి ఇంకా బాగా. ఇంటికొస్తూ దారిలో నాతో, గాలిని సంచిలో కట్టి పట్టుకుపోదామనుకుంటారోయ్, ఇంటికెళ్లి చూస్తే సంచే ఉంటుంది అన్నారు.

ఆ మాట నా చెవిలో ఉండగానే నేను చేసిన పని ఇప్పుడు చెబుతున్నాను.

చలి మొదలయ్యే రోజుల్లో కొత్త ఆట పని మొదలైంది. పొగమంచు కమ్మిన చిత్తడి నేల. ఆడేవాళ్లు దారి తప్పి అక్కడికొస్తారు. లాంతరు పట్టుకున్న ఒక ముసలాయన ముందు నడుస్తూ దారి చూపిస్తాడు. యుద్ధాల్లేవు, నిధుల్లేవు, ఆయన వెనకాల నడిచి అవతలి ఒడ్డు చేరడమే. ఆ ముసలాయన నడక నన్ను నడవమన్నారు.

ముసలివాళ్లంటే నాకెంత పని! పాతికేళ్ల వయసులోనే నాకు ముసలి వేషాలు ఇచ్చేవారు. నడుం వంచాను, చెయ్యి వణికించాను, అడుగడుగునా ఆయాసపడ్డాను. దర్శకుడు మొహమాటపడుతూ అన్నాడు: "అమ్మగారూ, ఇది ముసలితనం. నాకు ముసలాయన కావాలి."

ఆయనెవరో నాకు అప్పుడే తెలిసింది. రేపు చేస్తానని ఇంటికొచ్చేశాను.

ఆ సాయంత్రం దీపం వేయకుండా వంటింట్లోంచి వీధి గుమ్మందాకా నడిచాను, మళ్లీ వెనక్కి నడిచాను. నేను ముప్పై ఏళ్లు ఆ నడక పక్కన నడిచినదాన్ని. నాకు అది తెలుసనే అనుకున్నాను. పక్కన ఉండటం వేరు, లోపల ఉండటం వేరు. స్టేజీ మీదినుంచి పడ్డప్పటినుంచీ ఆయన ఎడమకాలు నేలను ఒక్క రవ్వ ఆలస్యంగా తాకేది, నీకు గుర్తుండే ఉంటుంది. కుడిచెయ్యి ఒంటికి ఎడంగా, పక్కన గోడ ఉన్నట్టూ దాన్ని తాకకుండా నిమురుతున్నట్టూ ఉండేది. భుజాలు మాత్రం నిటారు. ఎంత అలిసినా ఆయన రాజు వేషం భుజాల మీదినుంచి దిగేది కాదు. నడిచీ నడిచీ ఒకసారి గుమ్మం దగ్గర తిరగబోయేసరికి నా ఎడమకాలు తనంతట తానే ఆలస్యం చేసింది. పిల్లి లేచి పక్కగదిలోకి వెళ్లిపోయింది.

ఆయన వద్దన్న పని ఇది. దాన్ని గురించి ఆ రాత్రి ఆయనతో వాదించాను. నేను ఇచ్చేది మిమ్మల్ని కాదు, నాలో మిగిలినదాన్ని అన్నాను. లాయరు మాటలు. నిజమేమిటంటే, నేను పోతే ఆ నడక కూడా నాతోనే పోతుంది. అది నాకు ఇష్టం లేకపోయింది.

మర్నాడు కొంగలా చేతులు చాచి నిలబడ్డాను. లాంతరు బదులు గుండ్లు అంటించిన చీపురుకర్ర ఇచ్చారు. నేలమీద మలుపు ఎక్కడో తెల్ల టేపు అంటించారు. నడిచాను. ఏం జరిగిందని అడిగితే చెప్పలేను. చీకటి హాల్లో నా మోకాలు ఆయన మోకాలైంది, నా ఊపిరి ఆయన ఊపిరి లెక్కన పడింది. నేనెక్కడో కాస్త వెనక ఉన్నాను. ఆయన ముందున్నారు. అంతే గుర్తుంది.

తర్వాత చుక్కలమ్మాయి తెరమీద చూపించింది. నల్లటి తెర. అందులో కొన్ని తెల్ల చుక్కలు. ముఖం లేదు, ఒళ్లు లేదు, వేషం లేదు. చీకట్లోంచి మీ నాన్న నడుచుకుంటూ వస్తున్నారు. టేపు అంటించిన మలుపు దగ్గరికొచ్చి ఆగారు. సగం వెనక్కి తిరిగి, తల కాస్త వంచి, నేలకేసి చూస్తూ నిలబడ్డారు.

అది నేను చేయాలని చేసింది కాదు. అలా చేశానని కూడా నాకు తెలియదు. మీ నాన్నకు నాకన్నా పెద్ద అంగలు కదా. బజారుకెళ్లినా, రిహార్సలుకెళ్లినా ముందు వెళ్లిపోయి, ప్రతి మలుపు దగ్గరా ఆగేవారు. ముఖం చూసేవారు కాదు, రా రా అని తొందరపెట్టేవారు కాదు. నా కాళ్లు వచ్చి తన కాళ్ల పక్కన నిలబడేదాకా నేలకేసి చూస్తూ ఉండేవారు, ఆ తర్వాతే కదిలేవారు. తెరమీద చుక్కలు అలా ఎదురుచూస్తున్నాయి. నేను కుర్చీలోంచి లేచి తెరకేసి నడిచానట. నాకు తెలియదు, తర్వాత ఆ అమ్మాయే చెప్పింది.

అప్పుడే ఆ పిల్ల అడిగింది: "ఈయన ఎవరు పెద్దమ్మా?"

ఇదేమిటి అనలేదు, ఈయన ఎవరు అంది. చెప్పాను. ఆ అమ్మాయి తెర ఆపకుండా అలాగే ఉంచి, నాకు మంచినీళ్లు తేవడానికి వెళ్లింది. తేవడానికి చాలాసేపు పట్టింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. తర్వాతి వారం వెళ్లేసరికి చుక్కలకు ఒళ్లు తొడిగారు. గడ్డం, మాసిన కోటు, చేతిలో నిజంగా వెలిగే లాంతరు. ముచ్చటగా ఉన్నాడు. మీ నాన్న మాత్రం కాదు. ఎందుకా అని కిందా మీదా చూశాను. ఎడమకాలు బాగైపోయింది! యంత్రం ఆ ఆలస్యాన్ని పొరపాటనుకుని తనంతట తానే సరిచేసిందట. డాక్టర్లు చేయలేని పని అది చేసింది. నాకు మాత్రం ఆయన్ని రెండోసారి పోగొట్టుకున్నట్టయింది.

కాలు ఎప్పటిలా చేయమని దర్శకుడిని అడిగాను. అతను మర్యాదగానే చెప్పాడు. ఈ రోజుల్లో చేతిలో ఉన్నది రెండు క్షణాలు విసుగనిపిస్తే జనం వేలితో తోసేసి ఇంకోదానికి పోతారు, ఆటలో దారి చూపించేవాడు మెల్లగా నడిస్తే అందరూ తిట్టుకుంటారు, కుంటుతూ నడిస్తే ఇక చెప్పనే అక్కర్లేదు అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. మన హాలు ఖాళీ అయిన సంగతి నాకు తెలియదా? కానీ నేను మొండికేశాను. ఒక్కసారి పాత కాలితో ఎవరిచేతనైనా ఆడించి చూడమన్నాను. వద్దనలేకపోయాడు.

ఆటలు ఆడి చూసి తప్పులు చెప్పడమే పనిగా ఉన్నవాళ్లు ఉంటారు. అలాంటి ఒకామె వచ్చింది. చెవులకు పెద్ద డిప్పలు, నోట్లో చూయింగ్ గమ్. మేం వెనక నిలబడ్డాం. మొదలవగానే మీ నాన్నను దాటుకుని పొగమంచులోకి పరుగెత్తింది, దారి తప్పింది, ఆట ఆమెను వెనక్కి తెచ్చి పడేసింది. ఈయన ఇంకాస్త తొందరగా నడవలేడా అని విసుక్కుంది. దర్శకుడు నాకేసి చూశాడు. ఆమె మళ్లీ పరుగెత్తింది, మళ్లీ తప్పిపోయింది. ఇక విసిగిపోయి చేతులు వదిలేసి వెనక్కి వాలింది. ఎదురుగా ఆ లాంతరు, ఆ వీపు, నేలను ఆలస్యంగా తాకే ఆ కాలు. కాసేపటికి ఆమె మెల్లగా ఆయన వెనకాల నడవడం మొదలుపెట్టింది. నమలడం ఎప్పుడు ఆపిందో నేను గమనించలేదు. అవతలి ఒడ్డు వచ్చింది, వెళ్లాల్సిన తలుపు తెరుచుకుంది. ఆమె తలుపులోకి పోలేదు. వెనక్కి తిరిగి ముసలాయన ఎటు పోయాడని మంచులో వెతకసాగింది.

దర్శకుడు కళ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "కాలు అలాగే ఉంచండి" అన్నాడు.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. నాన్న ఏ వీడియోలోనూ లేరు పిచ్చుకా. నేను పాతవాళ్లందరినీ అడిగాను. మేకప్ ఆయన దగ్గర ఒక ఫోటో ఉంది గానీ అందులో మీ నాన్న వీపు, దానికి అడ్డంగా ఒక తెర. ఆయన అన్నంత పనీ చేసి, ఏమీ వదలకుండా వెళ్లిపోయారు. నా దగ్గర ఉన్నదల్లా ఈ నడక. దాన్ని ఆయన్ని అడక్కుండా, నిన్ను అడక్కుండా ఇచ్చేశాను. సంతకం కూడా పెట్టాను. ఇకమీద ఆ నడక వాళ్లది. రేపు దాన్ని ఏ దొంగకో, ఏ దుష్టమంత్రికో తొడిగినా నేను అడ్డు చెప్పలేను. తనకు ఒక్కసారీ దుష్టుడి వేషం ఇవ్వలేదని మీ నాన్నకు కొరతగా ఉండేది కాబట్టి ఆ మాటకు నేను అంతగా బాధపడటం లేదు. నిన్ను అడక్కపోవడానికి మాత్రం బాధపడుతున్నాను. అడిగితే వద్దంటావేమోనని భయపడ్డాను. అది నిజం.

ఆట ఇంకొన్ని నెలల్లో బయటికొస్తుంది. పని లేనప్పుడు మీ ఓడలో అందరూ పెద్ద తెర ముందు చేరి ఆటలాడుతుంటారని రాశావు. ఏదో ఒక సాయంత్రం నువ్వు టీ గ్లాసుతో ఆ గదిలోకి అడుగుపెట్టేసరికి తెరమీద మీ నాన్న నడుస్తూ ఉండవచ్చు. ఎవరూ ముందు చెప్పకుండా నీకది ఎదురుకాకూడదు. అందుకే ఈ ఉత్తరం. చూడాలని లేకపోతే చూడకు, నేనేమీ అనుకోను. కోపం వస్తే కోపంగానే రాయి. నీ కోపం చదవడం నాకు కొత్త కాదు.

ఇంకొక్కటి. "నేను ఆలస్యంగా వచ్చాను" అని రాశావు నువ్వు. ఓడ రేవు చేరకముందే ఆయన వెళ్లిపోయారు కదా, ఆ సంగతి. దాని గురించి మనమిద్దరం ఇంతవరకూ నోరు విప్పి మాట్లాడుకోలేదు. ఇప్పుడూ ఎలా మాట్లాడాలో నాకు తెలియడం లేదు. ఆటలో జరిగింది మాత్రం చెబుతాను. మలుపు దగ్గర ఆగడం అనవసరం, కత్తిరించేద్దాం అన్నారు. ఆయన ఎందుకు ఆగారు, ఎవరికోసం అని చుక్కలమ్మాయి అడిగింది. వెనక వచ్చేవాళ్ల కోసం అన్నాను. అలాగైతే వచ్చేదాకా ఉండనిద్దాం పెద్దమ్మా అంది. ఇద్దరం కలిసి దర్శకుడిని ఒప్పించాం.

కాబట్టి ఎప్పుడైనా ఆడాలనిపిస్తే పరుగెత్తే మీట నొక్కకు. ముందుకు దూసుకుపోతే ఆయన పిలవరు, ఆయనకు గొంతు పెట్టలేదు. వెనకబడితే మాత్రం కంగారు పడకు. నీళ్లలో లాంతరు వెలుగు ఎలా వణుకుతుందో చూసుకుంటూ రా. మధ్యలో ఇంజను పిలిస్తే వెళ్లి చూసుకుని రా. మలుపు దగ్గర ఆయన సగం వెనక్కి తిరిగి, నీ కాళ్లు కనిపించేదాకా నేలకేసి చూస్తూ నిలబడే ఉంటారు. నువ్వు ఎంత ఆలస్యంగా వచ్చినా సరే. నేనే నిలబెట్టాను.

ఇట్లు,
నీ జవాబుకు కాస్త భయపడుతూ, దానికోసమే రేవు కేసి చూసే
అమ్మ